ఎగిరే పళ్లాలు నిజమేనని అమెరికా ప్రకటిస్తే నా ఫండ్లు ఏమవుతాయి?

ప్రశ్న: నేను భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగిని. వయసు 52. ఇంటి ఖర్చు నెలకు 45 వేలు. ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో పెట్టిన 9 లక్షలు ఇప్పుడు 14 లక్షలయినయి. నెలకు 12 వేల సిప్ నడుస్తున్నది. ఒకే బ్యాంకుల 6 లక్షల ఎఫ్‌డీ ఉన్నది. పాప ఇంటర్ సెకండియర్. వచ్చే ఏడాది బీటెక్‌ల చేరుతది, మొదటి రెండేళ్ల ఫీజు, హాస్టల్‌కు 6 లక్షలు కావాలె. లాభాల వాటా, దీపావళి బోనస్ కలిపి 2.8 లక్షలు చేతిల ఉన్నయి. గ్రహాంతరవాసులు ఉన్నారని అమెరికా ఒప్పుకుంటే మార్కెట్లు కుప్పకూలుతయని, ముందే అన్ని అమ్మి బంగారం గానీ, కాజీపేట దిక్కు ప్లాటు గానీ కొనుమని మా వాట్సాప్ గ్రూపుల చెప్తున్నరు. ఏం చెయ్యాలె సార్?

జవాబు: పాప చదువుకు కావాల్సిన 6 లక్షలు తప్ప ఫండ్లలోంచి ఇంకేమీ తీయకండి. ఆ 6 లక్షలు మాత్రం ఏ ప్రకటన వచ్చినా రాకపోయినా ఈక్విటీలో ఉండకూడనివి. రెండేళ్లలోపు ఖర్చయ్యే సొమ్ము షేర్లలో ఉంటే, మార్కెట్ ఏ కారణంతో పడినా ఫీజు కట్టే రోజు నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది.

ముందు మీ భయం సంగతి. 2021 జూన్‌లో అమెరికా నిఘా విభాగం ఆకాశంలో గుర్తుతెలియని వస్తువులు కనిపించిన 144 ఘటనలను పరిశీలించి, ఒక్కదాన్నే కచ్చితంగా తేల్చింది. అది గాలి దిగిపోతున్న పెద్ద బెలూన్. 2023 జులై 26న డేవిడ్ గ్రష్ అనే మాజీ నిఘా అధికారి, మనుషులు చేయని వాహనాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయని అక్కడి ప్రతినిధుల సభ కమిటీ ముందు ప్రమాణం చేసి చెప్పారు. ఆయన కళ్లారా చూసింది కాదు, ఇతరులు తనకు చెప్పారన్నారు. అలాంటి ఆధారాలేవీ దొరకలేదని 2024 మార్చిలో పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) కార్యాలయం నివేదిక ఇచ్చింది. ఇందులో మనకు పనికొచ్చే విషయం ఒకటుంది. గ్రష్ సాక్ష్యం చెప్పిన రోజే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ రేటును పావు శాతం పెంచి 5.25–5.50 శాతానికి తెచ్చింది. మార్కెట్ చూపంతా దాని మీదే ఉంది. అక్కడి షేర్ల సూచీ డౌజోన్స్ ఆ రోజు వరుసగా 13వ రోజు పెరిగింది.

రేపు నిజంగానే రుజువుతో సహా ప్రకటన వస్తే అంత ప్రశాంతంగా ఉండదని నేనూ అనుకుంటాను. అప్పుడేం జరుగుతుందో వరుసగా చూడండి. వాషింగ్టన్‌లో మధ్యాహ్నం అంటే మనకు రాత్రి. మొదట రాత్రి కూడా ట్రేడయ్యే గిఫ్ట్ నిఫ్టీ పడుతుంది, తెల్లారి 9:15కి మన మార్కెట్ తెరుచుకుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట లోపు సూచీ 10 శాతం పడితే 45 నిమిషాలు, 15 శాతం పడితే గంటా ముప్పావు ట్రేడింగ్ ఆపుతారు. 20 శాతం పడితే ఆ రోజుకు మూసేస్తారు. 2020 మార్చి 23న ఇదే జరిగింది. పొద్దున్నే 10 శాతం పడి 45 నిమిషాలు ఆగింది, మళ్లీ తెరిచాక ఇంకా జారి నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. ఏడాది తిరిగేసరికి 14,800 దాటింది. కరోనా కథే మళ్లీ నడుస్తుందని దీనర్థం కాదు. అంత భయంలో అమ్మినవాళ్లకు దక్కిన ధర ఏమిటో మీకు తెలియాలని చెబుతున్నాను.

ఫండ్లలో ఉన్నవారికి ఇంకో సంగతి ఉంది. మీరు పొద్దున 9:20కి హడావుడిగా రిడెంప్షన్ (యూనిట్లు అమ్మమనే ఆర్డర్) పెట్టినా, 2:50కి తీరిగ్గా పెట్టినా ఒకటే. 3 గంటల లోపు వచ్చిన ఆర్డర్లన్నింటికీ ఆ రోజు ముగింపు ఎన్‌ఏవీనే (యూనిట్ ధర) ఇస్తారు. వార్త విన్న వెంటనే బయటపడడమనేది ఈక్విటీ ఫండ్లో కుదరదు. మార్కెట్లు స్తంభించేంత సంక్షోభం వస్తే, 90 రోజుల్లో 10 పనిదినాలకు మించకుండా రిడెంప్షన్లు ఆపడానికి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల్లో వీలుంది. 2 లక్షల వరకు అడిగితే మాత్రం ఆపరాదు. లిక్విడ్ ఫండ్లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే ఫండు) పెట్టబోయే మొత్తాన్ని ఈ హద్దు చూసుకునే కింద 2 లక్షలన్నాను.

ఇక బంగారం. భయం ముదిరిన మొదటి రోజుల్లో అందరికీ నగదే కావాలి, అందుకని బంగారం కూడా అమ్ముతారు. 2020 మార్చిలో ఔన్సు దాదాపు 1,700 డాలర్ల నుంచి రెండు వారాల్లోపే 1,500 కిందికి దిగింది. ఆగస్టులో 2,000 దాటింది. అంటే అది ఆలస్యంగా ఆదుకుంటుంది, తొలి వారం ఫీజు కట్టిపెట్టదు. పైగా నగ అయితే 3 శాతం జీఎస్‌టీ, తరుగు, మజూరీ కొన్న రోజే పోతాయి. కావాలనుకుంటే సిప్‌లోంచి నెలకు 2 వేలు గోల్డ్ ఈటీఎఫ్ ఫండ్‌కు మళ్లించండి, చాలు.

ప్లాటు జోలికి ఇప్పుడు వెళ్లకండి. రిజిస్ట్రేషన్‌కే 7.5 శాతం పోతుంది. అవసరానికి అమ్మాలంటే గిరాకీ దొరికేసరికి నెలలు పడుతుంది, సెమిస్టర్ ఫీజుకు ఇరవై గజాలు కోసి అమ్మలేం కదా.

మీరు అడగలేదు గానీ, కొత్త ఇంధనం బయటపడితే బొగ్గు గతేంటన్న దిగులు మీ ఏరియాలో సహజం. అణు విచ్ఛేదనాన్ని 1938లో కనుగొన్నారు. మొదటి రియాక్టర్ 1942లో, గ్రిడ్‌కు కరెంటు 1954లో, మన తారాపూర్ 1969లో. మనుషులు తామే కనుగొన్నదానికే ఇన్నేళ్లు పట్టింది. 61కి రిటైరయ్యే మీకు ఇంకా 9 ఏళ్ల సర్వీసు ఉంది. ఒక ప్రకటనతో రామగుండంలో బొగ్గు మండడం ఆగదు. షేర్ల ధరలు మాత్రం ఊహాగానాలకే పడొచ్చు. మీ జీతం, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్) రెండూ బొగ్గు మీదే ఉన్నాయి కాబట్టి పవర్, ఎనర్జీ పేరున్న ఫండ్లలో మాత్రం మీ పొదుపు పెట్టకండి.

ఇప్పుడు చేతిలో ఉన్న 2.8 లక్షలు. మీ ఆరు నెలల ఖర్చు 2.7 లక్షలు, సరిగ్గా సరిపోయింది. ఇంట్లో 20 వేల నగదు ఉంచండి, రెండు మూడు రోజులు యూపీఐ, ఏటీఎంలు మొరాయించినా పాలు, మందులు, పెట్రోల్ నడుస్తాయి. అంతకు మించి ఇంట్లో పెట్టొద్దు. 60 వేలు రెండో బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరిచి వేయండి. 2 లక్షలు లిక్విడ్ ఫండ్లో పెట్టండి, మర్నాటి పనిదినానికి వస్తాయి. ఎఫ్‌డీని తెంపకండి. కానీ డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. మెచ్యూరిటీ రాగానే 4.5 లక్షలు అక్కడే ఉంచి, మిగతాది వేరే బ్యాంకుకు మార్చండి.

అన్నీ ఒకేసారి అమ్మితే ఎంత పోతుందో లెక్క చూడండి. లాభం 5 లక్షలు. పన్ను మినహాయింపు ఉన్న 1.25 లక్షలు పోను 3.75 లక్షల మీద 12.5 శాతం, సెస్‌తో కలిపి 48,750 రూపాయల పన్ను. ఏడాది నిండని యూనిట్లకు 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో 1 శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోసుకునే రుసుము) అదనం. పాప కోసం మాత్రం మార్చి 20 లోపు 3 లక్షలు, ఏప్రిల్ మొదటి వారంలో 3 లక్షలు తీయండి. రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపు దొరుకుతుంది. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి కాబట్టి సగటు కన్నా లాభం ఎక్కువ కనబడుతుంది. ఆర్డర్ పెట్టేముందు క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్ తెప్పించుకుని, లాభం 1.25 లక్షలు దాటుతుంటే ఆ మేరకు మొత్తం తగ్గించండి. తగ్గినదాన్ని ఎఫ్‌డీ మెచ్యూరిటీ అయ్యాక దాన్నుంచి సర్దుకోవచ్చు. మొదటి 3 లక్షలు ఆ రెండో బ్యాంకులో మూణ్నెల్ల డిపాజిట్ చేయండి, జూన్ చివరికి చేతికొస్తాయి. రెండో 3 లక్షలు పోస్టాఫీసులో ఏడాది టైమ్ డిపాజిట్.

మిగిలే 8 లక్షలు, సిప్ అలాగే నడవనివ్వండి. 58 నిండాక ఏటా మూడో వంతు చొప్పున ఈక్విటీలోంచి దించుకుంటూ రండి.

ఇక ఆ వాట్సాప్ గ్రూపు. సలహా ఇస్తున్నవారిని సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సలహాదారుకు ఐఎన్‌ఏతో, రిసెర్చ్ అనలిస్టుకు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్లో ఆ నంబరు, పేరు రెండూ కలవాలి. వ్యక్తిగత యూపీఐకి డబ్బు పంపమన్నా, ఏదో యాప్ వేసుకొమ్మన్నా బయటికి వచ్చేయండి. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.