చివరి వికెట్ నుంచి మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన, సైనికుడూ భారత టెస్టు క్రికెటరూ అయిన హేమూ అధికారి జీవితచరిత్ర తొలి అధ్యాయాలు రెండుసార్లు చదివాను. విషయసేకరణలో నీ శ్రమ కనిపిస్తూనే ఉంది. అయితే 1919లో పూనాలో పుట్టుకతో మొదలై, 21 టెస్టులు, 872 పరుగులు అంటూ సాగిన ఆ పుటల్లో మనిషి ఇంకా క్రీజులోకి రాలేదు. ‘సైనికుడు కనుక క్రమశిక్షణ గల ఆటగాడు’ అన్న వాక్యం మూడుచోట్ల ఉంది, మూడింటినీ కొట్టెయ్యి. ఆ మాట ఏ సైనికుడి గురించైనా, ఆయన ఆట చూడకుండానే రాయవచ్చు.

1952 అక్టోబరులో, ఢిల్లీలో మొదలుపెట్టు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య అదే మొట్టమొదటి టెస్టు. 263 పరుగులకు తొమ్మిదో వికెట్ పడేసరికి ఒకవైపు అధికారి, మరోవైపు మన హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ మిగిలారు. ఇద్దరూ కలిసి 109 పరుగులు జోడించారు. గులాం అహ్మద్ 50 చేసి వెనుదిరిగితే అధికారి 81తో నాటౌట్‌గా నిలిచాడు. పదో వికెట్‌కు ఆ భారత రికార్డును 2004లో ఢాకాలో టెండూల్కర్, జహీర్ ఖాన్ దాటేదాకా ఎవరూ కదపలేకపోయారు. మన స్పిన్నర్ వినూ మన్కడ్ 13 వికెట్లు తీశాడు కాబట్టి ఆ టెస్టులో భారత్ గెలుపు ఆయన ఖాతాలోకి వెళ్లింది, అది న్యాయమే. నీకు కావలసింది మాత్రం, బంతి వెయ్యడానికి జట్టులోకి వచ్చిన తోటివాడి చేత అర్ధశతకం చేయించిన మనిషి. విభజన జరిగిన ఐదేళ్లకు పాకిస్తాన్ బౌలింగుకు ఎదురు నిలిచిన ఆ ఇద్దరూ ఎవరెవరో పాఠకుడికి విప్పిచెప్పి ఉపన్యాసం చెయ్యకు. పేర్లు పక్కపక్కన పెట్టి ఊరుకో.

తరువాత వెనక్కి వెళ్లు. 1936-37లో, పదిహేడేళ్ల వయసులో, గుజరాత్ తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లోకి వచ్చిన కుర్రవాడు తొలి టెస్టు ఆడింది 1947-48లో, ఆస్ట్రేలియాలో. రెండో ప్రపంచ యుద్ధం మింగిన ఆ ఏళ్లను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నీ పుస్తకం అసలు బతకవలసింది అక్కడే. నా తొలి జీవితచరిత్రలో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఒక విశ్రాంత సుబేదారు పదోన్నతుల తేదీలన్నీ వరుసగా ఎక్కిస్తే, ఆయన కొడుకు చదివి, ‘ఇవి మా ట్రంకుపెట్టెలోనూ ఉన్నాయండీ’ అన్నాడు.

అధికారి ఆడిన సైనిక దళాల జట్టు సర్వీసెస్ వరుసగా రెండేళ్లు, 1956-57లోనూ 1957-58లోనూ, రంజీ ఫైనల్‌కు చేరి ఓడిపోయింది. రెండోసారి ఓడించింది బరోడా, అంటే అధికారి పాత జట్టు! ఇది నీ చిత్తుప్రతిలో లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

1959 ఫిబ్రవరి ఘట్టాన్ని తొందరపడి ముగించకు. వెస్టిండీస్‌తో ఒకే సిరీస్‌లో భారత్‌కు నలుగురు కెప్టెన్లు మారారు. ఢిల్లీలో జరిగిన చివరి టెస్టుకు వంతు ముప్పై తొమ్మిదేళ్ల లెఫ్టినెంట్ కల్నల్‌ది. ఆయన 63, 40 పరుగులు చేసి, లెగ్ స్పిన్‌తో మూడు వికెట్లు తీసి, టెస్టు డ్రాగా ముగిశాక, మళ్లీ ఎన్నడూ టెస్టు ఆడలేదు. అదే సిరీస్‌లో అంతకుముందు రెండు టెస్టులకు కెప్టెన్ ఎవరో తెలుసుగా, గులాం అహ్మద్. 1971లో అధికారి అజిత్ వాడేకర్ నాయకత్వంలోని భారత జట్టుకు మేనేజరుగా ఇంగ్లండు వెళ్లి సిరీస్ విజయాన్ని చూడటానికి ఒక పేరా చాలు.

ముందు 1952 ఢిల్లీ అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు. టెస్టు బ్యాటింగ్ సగటు 31.14 అన్న అంకెను మాత్రం చివరి పుటదాకా దాచిపెట్టు.

శుభాకాంక్షలతో,
మీ పెద్దాయన