మన కొండలు హిమాలయాలంత ఎత్తు ఎందుకు లేవు?

ప్రశ్న: హిమాలయాల్లాగే తూర్పు కనుమలు కూడా భూఫలకాలు (భూమి పైభాగంలో కదిలే పెద్ద రాతి పలకలు) ఢీకొని పుట్టాయంటారు. మరి శ్రీకాకుళం, విజయనగరం వైపు కొండలు ఇంత పొట్టిగా ఎందుకున్నాయి?

పుట్టడం అలాగే పుట్టాయండి. కాకపోతే మనం చూస్తున్నది ఆ పర్వతాల శిఖరాలు కావు, వాటి అడుగుభాగం. పైనున్నదంతా ఎప్పుడో అరిగి సముద్రం పాలైంది. అందుకే ఎత్తు చూసి పోల్చకండి, రాయి చూడండి.

నేను జియాలజీ చదివి కొన్నాళ్లు టెక్కలి దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌గా చేశాను. బ్లాక్ కోసి నీళ్లు కొట్టగానే లోపలి చారలు మెలికలు తిరిగి కనిపించేవి. బేరానికి వచ్చినవాళ్లకి ఆ డిజైన్ ఎలా ఉందన్నదే ముఖ్యం. నాకేమో అదే రాయి ఒకప్పుడు వేడికి మెత్తబడి, అక్కడక్కడా కరిగి, ఒత్తిడికి సాగిందనడానికి రుజువు. మార్కెట్లో గ్రానైట్ అని అమ్మేవన్నీ గ్రానైట్లు కావు. ఇలాంటి చారల రాయిని మేం నైస్ (gneiss) అంటాం.

అంతకంటే మంచి రుజువు ఖోండలైట్. సింహాచలం కొండ నుంచి ఒడిశా దాకా కనిపించే ఎర్రబారిన రాయి ఇదే. ఇది మొదట సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి, ఇసుక. ఫలకాలు ఒకదానికొకటి దగ్గరైనప్పుడు ఆ మట్టి లోపలికి కూరుకుపోయి గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ అనే ఖనిజాలున్న గట్టి రాయిగా మారింది. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులు కూడా ఈ రాళ్లతో కలిసి ఉన్నవే.

ఇక వేడి సంగతి. అరకు, అనంతగిరి, పాడేరు వైపు కొన్ని రాళ్లలో సఫిరిన్ అనే ఖనిజం, మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్‌ను ఆనుకుని దొరుకుతుంది. ఈ రెండూ పక్కపక్కన స్థిరంగా ఉండాలంటే వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఖండాల కింద 30 కిలోమీటర్ల లోతులో మామూలుగా అంత వేడి ఉండదు. మరి ఎక్కడిది? రెండు ఖండాలు నొక్కుకుంటే భూమి పైపొర మందమవుతుంది. అందులోని యురేనియం, థోరియం, పొటాషియం విడుదల చేసే వేడి బయటికి పోలేక కోట్ల ఏళ్లు పోగుపడుతుందని కొందరంటారు. పైపొర కింద ఉండే మాంటిల్ అనే వేడి రాతి పొర నుంచి వేడి రాకుండా ఇది సాధ్యం కాదని మరికొందరు. నా మొగ్గు రెండూ కలిశాయన్న వైపే, కానీ వాదన ఇంకా తెగలేదు.

రాయి ఇలా లోతున మారిపోవడాన్నే రూపాంతరం అంటారు. తీవ్ర రూపాంతరం అంటే వేడి ఒక్కటే కాదు, ఒత్తిడి కూడా. హిమాలయాల్లో, లడఖ్‌లోని త్సో మోరిరి సరస్సు దగ్గర రాళ్లలో కోయసైట్ అనే ఖనిజం దొరికింది. అది క్వార్ట్జ్‌కే మరో రూపం, సుమారు 90 కిలోమీటర్ల లోతుకు వెళితే తప్ప పుట్టదు. అంటే భారత ఫలకం అంచు అంత లోతుకు దిగి, మళ్లీ పైకి తేలింది. హిమాలయాలను లేపిన ఆ ఘర్షణ మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే. మన రాళ్లలో ముఖ్యమైన మార్పులు జరిగింది సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట. అప్పుడు అంటార్కిటికా తూర్పు భాగం మనల్ని ఆనుకుని ఉండేది, అక్కడి రాళ్లలోనూ ఇదే కథ ఉంది.

లోతున ఉన్న రాయి పైకెలా వచ్చిందంటారా? భూమి పైపొర, కిందనున్న మాంటిల్ మీద ఓడలా తేలుతుంటుంది. పైన వాన, నదులు బరువు తీసేసిన కొద్దీ అడుగు పైకి లేస్తుంది. ఆ పని ఇంకా ఆగలేదు. వంశధార, నాగావళి ఇప్పటికీ కొండల నుంచి గార్నెట్, సిల్లిమనైట్ రేణువులు మోసుకొస్తూనే ఉన్నాయి. తుఫాను తర్వాత కళింగపట్నం తీరంలో ఇసుక మీద కొన్నిచోట్ల ఎర్రటి, నల్లటి చారలు కనిపిస్తాయి. ఎర్రది గార్నెట్, నల్లదాంట్లో ఎక్కువ ఇల్మెనైట్ అనే ఇనుము, టైటానియం ఖనిజం.

మీరే చూడాలనుకుంటే క్వారీలోకి వెళ్లకండి, పేలుళ్లు జరిగే చోటు. రోడ్డు కోసం కొండ తొలిచిన చోట, వాన వెలిసిన మర్నాడు వెళితే రాయి శుభ్రంగా కడిగి ఉంటుంది. చిన్న భూతద్దం పట్టుకెళ్లండి. ఎర్రటి గింజలు గార్నెట్, తెల్లటి సన్నని సూదులు సిల్లిమనైట్, వేలికి నల్లగా అంటుకునేది గ్రాఫైట్.