బరంపురం ఉక్క, చాందా ఎండ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో బదిలీలవీ పెళ్లిళ్లవీ ఎక్కువ. ఒడిశాలోని గంజాం (బరంపురం ఉన్న జిల్లా), రాయగడ, కోరాపుట్ వైపు తెలుగువాళ్లు మహారాష్ట్రలోని చంద్రపూర్ (పాత పేరు చాందా), గడ్చిరోలి, నాందేడ్ వైపు వెళ్తున్నారు. అటువాళ్లు ఇటు వస్తున్నారు. రెండు చోట్లా ఇంట్లో తెలుగే కాబట్టి పెద్ద తేడా ఉండదనుకుని దిగి, మొదటి నెలలోనే ఇబ్బంది పడుతున్నారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. ఎవరి యాస వాళ్లదే, దిద్దలేదు.

ప్రశ్న: మా ఆయనకి బల్లార్షా బదిలీ అయింది. మే నెల్లోనే ఎల్లాల. అక్కడ 46, 47 డిగ్రీలు కాస్తాదంట. ఇక్కడి ఏసీ ఊడదీసి పట్టుకెల్లాలా, కూలర్ కొనుక్కుంటే సాల్తాదా? పిల్లలు సిన్నోళ్లు. (బరంపురం నుంచి ఒక గృహిణి)

ఏసీ మోసుకెళ్లకండి. ఊడదీసి, అక్కడ బిగించి, గ్యాస్ నింపించే ఖర్చుకి ఇంకొంచెం కలిపితే అక్కడే మంచి కూలర్ వస్తుంది. బరంపురంలో కూలర్ పెట్టుకుని విసిగినవాళ్లను చూసి ఉంటారు కాబట్టి ఈ మాట మీకు నమ్మబుద్ధి కాకపోవచ్చు. లెక్క చూడండి. కూలర్ చేసేదల్లా నీటిని ఆవిరి చేయడం, ఆ ఆవిరికి కావలసిన వేడిని గాలిలోంచి లాగడం. బల్లార్షా ఉన్న చాందా వైపు మే మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండ, గాలిలో 15 శాతం తేమ ఉందనుకుంటే మంచి కూలర్ 27 డిగ్రీల గాలి ఇస్తుంది. బరంపురంలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న రోజున అదే కూలర్ 31 దగ్గర ఆగిపోతుంది. పైగా ఆ గాలి నిండా తడే, ఒంటిమీద చెమట ఆరదు.

ఎంత కూలర్ కావాలో గది కొలతను బట్టి చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి సగం చేస్తే ఎన్ని సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి) కావాలో వస్తుంది. 12 అడుగుల చదరపు గది, 10 అడుగుల ఎత్తు అయితే 1,440లో సగం, 720. కొన్ని డబ్బాల మీద గంటకు ఇన్ని ఘనపు మీటర్లని రాస్తారు, ఆ లెక్కన సుమారు 1,200. ట్యాంకు ఎన్ని లీటర్లదో చూసి కూలర్ కొనేవాళ్లే ఎక్కువ. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన గాలి చల్లబడదు.

కూలర్‌ని కిటికీ బయట పెట్టాలి. ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో కనీసం 2 చదరపు అడుగుల మేర తెరిచి ఉంచాలి. ఏసీ అలవాటున్నవాళ్లు అన్నీ బిగించేస్తారు. అప్పుడు తేమ బయటికి పోయే దారి లేక అరగంటలో గది బరంపురంలాగే ఉక్కపోస్తుంది. ఈ కొలత కూలర్ ఎండ వేళ గంటకు 7 నుంచి 9 లీటర్ల నీళ్లు తాగుతుంది. 50 లీటర్ల ట్యాంకు ఆరేడు గంటలకు మించి రాదు కాబట్టి పడుకునే ముందు మళ్లీ నింపండి. నీళ్లు అయిపోయాక తిరిగితే పంపు కాలుతుంది. బోరు నీళ్లయితే కూలర్ గడ్డి మీద తెల్లగా ఉప్పు పేరుకుని గాలి దూరదు, గడ్డి ఏటా మార్చాలి. వారానికోసారి ట్యాంకు పూర్తిగా వంపేసి, గోడలను బ్రష్‌తో రుద్దండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్లు ఒంపినంత మాత్రాన పోవు. గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు చాలు.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. రేకు కూలర్లతో ఏటా ప్రాణాలు పోతున్నాయి. మూడు పిన్నుల ప్లగ్గే వాడండి, ఆ సాకెట్‌కి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే పెట్టించండి. ప్లగ్గు తీయకుండా నీళ్లు పోయొద్దు, తడి చేత్తో ముట్టుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో కిటికీకి బయటినుంచి పెడితే సగం భయం తీరుతుంది.

వానలు పట్టాక పంపు ఆపి ఫ్యాన్ మాత్రం వేసుకోండి.

ఇక ఒళ్లు. కొత్త వేడికి శరీరం సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మీకు చెమట అలవాటే, చిక్కు కూడా అక్కడే. బరంపురంలో చెమట కారుతూ కనిపిస్తుంది, దాహం గుర్తొస్తుంది. చాందాలో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు. దాహం కోసం ఆగకుండా తాగించండి. మూత్రం ముదురు పసుపులో వస్తుంటే నీళ్లు చాలట్లేదని లెక్క. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకి ఒకటి. లేకపోతే లీటరు నీళ్లలో తలకొట్టి 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ టీ చెంచాతోనే. ఉప్పు అంతకు మించొద్దు. మొదటి రెండు వారాలు పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని బయటికి పంపకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అనే రోజుల్నే అక్కడ నవ్‌తపా అంటారు, మే 25 నుంచి తొమ్మిది రోజులు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు, దానికంటే తలకి తడి తువ్వాలు నయం. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే నీడకి చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.

ప్రశ్న: మాది సిరొంచ. పెండ్లై బరంపురం వచ్చిన. నేను మాట్లాడితే అత్తగారింట్ల నవ్వుతున్నరు. "మామ వచ్చిండు" అన్నందుకు మామకు కోపమొచ్చిందట. నా భాష మార్చుకోవాల్నా? ఒడియా ఎట్ల నేర్చుకోవాలె?

మార్చుకోవద్దమ్మా. నవ్వడం మానాల్సింది వాళ్లు. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, అక్కడి తెలుగు శ్రీకాకుళం తెలుగుకి తోబుట్టువు. సిరొంచ గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత, గోదావరి ఒడ్డు ఊరు, మీ తెలుగు అవతలి ఒడ్డున కాళేశ్వరం వైపు తెలుగే. రెండింటిలో ఒకటి శుద్ధం, ఒకటి తప్పు అనడానికి ఏమీ లేదు.

అయితే కొన్ని చోట్ల నవ్వులాట కాదు, నిజంగానే అర్థం తప్పుతుంది. వాటి వరకు జాగ్రత్తపడండి. మీ వైపు "మామ వచ్చిండు" అంటే చనువు, ప్రేమ. బరంపురం చెవికి అది ఏకవచనం, అమర్యాద. "మామయ్యగారు వచ్చిండ్రు" అనండి. యాస మీదే ఉంటుంది, మర్యాద వాళ్లకి అందుతుంది. రెండోది, "నేను వచ్చిన", "నేను తిన్న" అంటే కోస్తా వైపువాళ్లు ఇంకా ఏదో చెబుతారని ఎదురుచూస్తారు. వాళ్లకి "వచ్చిన" అంటే "వచ్చిన మనిషి" అన్నట్టు సగం మాట. ఫోన్‌లోనూ కొత్తవాళ్ల దగ్గరా "వచ్చాను" అంటే సరిపోతుంది. మీ అత్తగారు "మా గుంట బడికెల్లింది" అంటే కంగారుపడకండి, పిల్ల అని అర్థం. "బేగి రా" అంటే మీ "జల్ది రా".

ఒడియాకి వస్తే, ముందు మర్యాద మాటే సరిచేసుకోండి, ఎందుకంటే మీకొచ్చిన మరాఠీ ఇక్కడ అడ్డొస్తుంది. మరాఠీలో "తుమ్హీ" అంటే మీరు. ఒడియాలో "తుమె" దాదాపు అలాగే వినిపిస్తుంది గాని అది సమవయస్కులకీ చిన్నవాళ్లకీ వాడేది. అత్తమామలకీ ఆఫీసులోవాళ్లకీ "ఆపొణొ" అనాలి. మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు దీన్ని తెలియక తప్పుతారు, ఎదుటివాళ్లు పైకి అనరు.

తర్వాత ఒత్తులు. రోజువారీ తెలుగులో మనం ఖ, ఘ, ధ, భలను ఒత్తకుండా తేలిగ్గా పలికేస్తాం, అయినా పని జరిగిపోతుంది. ఒడియాలో జరగదు. "భాతొ" అన్నం, "బాతొ" కీళ్లవాతం. "ధానొ" వడ్లు, "దానొ" దానం. నోటికి దగ్గరగా పల్చటి కాగితం పట్టుకుని ఈ జతలు పలకండి. "భా" అన్నప్పుడు కాగితం కదలాలి, "బా"కి కదలకూడదు. రోజుకి పది నిమిషాలు చేస్తే చాలు. మరాఠీ విన్న చెవి కాబట్టి మీకు ఇది తొందరగా పట్టుబడుతుంది. మిగతావి తేలిక. రాతలో అకారం పలికేటప్పుడు ఒకారం వైపు వంగుతుంది, శ, ష, స మూడూ స లాగే వినిపిస్తాయి, విజయ "బిజయొ" అవుతాడు, యాత్ర "జాత్రా" అవుతుంది. మాట చివర అచ్చు మిగులుతుంది, ఇది మన తెలుగు నోటికి అనుకూలమే. మరాఠీలో "ఘర్" అని నోరు కట్టేస్తారు చూడండి, ఇక్కడ "ఘొరొ". ఒడియా క్రియల్లో ఆడ, మగ తేడా లేదు, ఆ బాధ తప్పింది.

ప్రశ్న: రాయగడ నుంచి చంద్రపూర్ వెళ్తున్నాం. బాబుకి ఏడేళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు మరాఠీ కూడానా? భాషలు కలిపేసి మాట్లాడుతున్నాడు, మాట దెబ్బతింటుందా?

దెబ్బతినదు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం ఆ వయసులో మామూలు. ఇంట్లో తెలుగు మానేయడమే తప్పు. మరాఠీ తప్పించుకోవడానికి లేదు, 2020 చట్టం ప్రకారం మహారాష్ట్రలో ఏ బోర్డు బడిలోనైనా ఒకటి నుంచి పది దాకా మరాఠీ తప్పనిసరి. చంద్రపూర్ బజారులో హిందీతో నెట్టుకురావచ్చు, బడిలో కుదరదు.

రెండు చోట్ల వాడికి చెయ్యందించాలి. బడి మరాఠీలో "నేను వెళ్తాను" అనడానికి మగవాళ్లు "మీ జాతో" అంటారు, ఆడవాళ్లు "మీ జాతే". పక్కింటి ఆవిడ దగ్గర నేర్చుకున్న మగపిల్లలు "జాతే" అని తరగతిలో నవ్వులపాలవుతారు. తోటి మగపిల్లలతో ఆడనివ్వండి, అదే సరైపోతుంది. రెండోది చ. మరాఠీలో రెండు చలు ఉన్నాయి, మన "చీమ"లోది ఒకటి, "చాలు"లో పళ్ల దగ్గర పలికేది ఒకటి. నాలుగుకి "చార్" మొదటి రకం, మేతకి "చారా" రెండో రకం. మన వైపు ఇళ్లలో చెట్టుని "సెట్టు" అంటాం కాబట్టి పిల్లలు "చాంగ్లా"ని "సాంగ్లా" అంటారు. విని దిద్దండి, తిట్టకండి. మన "మనం", "మేము" తేడా మరాఠీలోనూ ఉంది, "ఆపణ్", "ఆమ్హీ". తెలుగు పిల్లలు దీన్ని తప్పు చేయరు.

బడి ఫారంలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ పూర్తిగా రాస్తారు. మనం ఇంటిపేరుని ముందు పొడి అక్షరంగా రాస్తాం. ఒడియా సర్టిఫికెట్‌లో "వెంకట" తరచు "భెంకట" అయి ఉంటుంది. టీసీలో, ఆధార్‌లో, కొత్త ఫారంలో పేరు ఒకేలా ఉందో లేదో చేరేముందే చూసుకోండి. పదో తరగతి దగ్గర దిద్దించడం పెద్ద తలనొప్పి.

ప్రశ్న: ధర్మాబాద్ నుంచి సునాబెడా వచ్చినం. చలికాలం దోసెల పిండి పులుస్తలేదు, పప్పు ఉడుకుతలేదు.

కోరాపుట్ కొండల్లోని సునాబెడా 900 మీటర్లకు అటూ ఇటూ ఎత్తు. నీళ్లు అక్కడ 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పప్పు అరగంట ఎక్కువ నాననిచ్చి, కుక్కర్‌లో ఒక విజిల్ ఎక్కువ రానివ్వండి. పిండికి మినప్పప్పుతో ఒక చెంచా మెంతులు నానబెట్టండి, గోరువెచ్చని నీళ్లతో రుబ్బండి, ఉప్పు పొద్దున వేయండి. గిన్నెని దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెడితే 12 నుంచి 16 గంటల్లో పొంగుతుంది.

ప్రశ్న: చంద్రపూర్ నుంచి గోపాల్‌పూర్ దగ్గరికి మారాం. బీరువాలో బట్టలకి బూజు, తలుపులు బిగుసుకుపోతున్నాయి, ఆవకాయ పాడైంది.

అంతా తేమ పని. బీరువాని గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా జరపండి, పట్టు చీరలు ఎండ కాసిన రోజున నీడలో ఆరేసి మడత మార్చండి. తలుపుల్ని వానాకాలంలో చిత్రిక పట్టించకండి, చలికాలానికి సందులు పడతాయి. ఆవకాయ మీద నూనె అంగుళం తేలాలి, గరిటె పొడిగా ఉండాలి. అక్టోబరు, నవంబరు తుపాను కాలం. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మీ ఇంటికి దగ్గర్లో తుపాను షెల్టర్ ఎక్కడుందో సెప్టెంబరులోనే చూసి రండి.

ప్రశ్న: మల్కన్‌గిరిలో ఉద్యోగం వచ్చింది. జ్వరాలంటే భయం.

భయం అక్కర్లేదు, నిర్లక్ష్యం పనికిరాదు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకి మలేరియా పదేపదే తగిలి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. కొత్తవాళ్లకి అది ఉండదు, అదే జ్వరం ముదురుతుంది. గడ్చిరోలి వెళ్లేవాళ్లకీ ఇదే జవాబు. మందు పూసిన దోమతెరలో పడుకోండి. కొత్తదాన్ని వాడేముందు ఒకరోజు నీడలో ఆరనివ్వండి, ఉతికినా నీడలోనే ఆరేయండి, ఎండలో మందు చెడుతుంది. జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది, కొద్ది నిమిషాల్లో తేలుతుంది. ఇచ్చిన మాత్రలు జ్వరం తగ్గినా పూర్తి చేయాలి. గర్భిణి అయితే ముందే చెప్పాలి. సెలవుకి సొంతూరు వచ్చాక నెల రెండు నెలల్లో జ్వరం వస్తే, మల్కన్‌గిరి నుంచి వచ్చానని డాక్టరుకి మీరే చెప్పండి. మలేరియా అంతగా లేని ఊళ్లో ఆ పరీక్ష రాయాలని వాళ్లకి తట్టకపోవచ్చు.