వెల కన్నా ముందు వెడల్పు చూడు

చిరంజీవి అమ్మలుకు,
పెద్దబాపు ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన వేలం లింకు చూశాను. చార్మినార్ బొమ్మతో పసుపుపచ్చని నాణెం, కింద ‘నిజాం అష్రఫీ, 11.18 గ్రాములు’ అని రాత. అష్రఫీ అంటే నిజాం కాలపు బంగారు నాణెం. ధర చూస్తే అందులో ఉండాల్సిన బంగారం విలువలో మూడో వంతు కూడా లేదు. ‘ఆదివారంతో గడువు అయిపోతుంది, కొనేయనా?’ అని అడిగావు. ఆగు తల్లీ. ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

సరిగ్గా ఇలాంటి నాణెమే కొని నేను నష్టపోయాను. అమ్మినవాడు బరువు విషయంలో అబద్ధమాడలేదు. నా తూకం మీద కూడా 11.18 గ్రాములే వచ్చింది. రెండు రోజులు దాన్ని చేతిలోంచి దించలేదు. మూడో రోజు హన్మకొండలో మనకు తెలిసిన ఔసలి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన అంచు మీద ఆకురాయితో ఒక్క గీటు గీసి నా ముందు పెట్టాడు. గీటు తెల్లగా మెరిసింది. అది వెండి రూపాయి. పైన బంగారు పూత.

ఇందులో కిటుకు ఏమిటంటే, చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వెండి రూపాయికీ, బంగారు అష్రఫీకీ బొమ్మ ఒకటే, బరువూ ఒకటే. చార్మినార్ ద్వారంలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం రెండింటి మీదా ఉంటుంది. అందుకే బరువు ఒక్కటీ సరిపోయిందని నమ్మకూడదు. బంగారం వెండి కన్నా చాలా సాంద్రమైన లోహం కాబట్టి అదే బరువుకు అష్రఫీ చిన్నగా ఉంటుంది, రూపాయి వెడల్పుగా ఉంటుంది. నేను వెడల్పు అడగలేదు. వెనకవైపు నాణెం పేరు ఉర్దూ లిపిలో రాసి ఉంటే అదీ చదివించుకోలేదు. మా బాపు ఉర్దూ మీడియంలో చదివినవాడు. ఆయన ఉన్న రోజుల్లో అయితే ఫోటో చూసి ‘ఇది రూపాయిరా’ అని చెప్పేవాడు. మీ వీధిలో ఉర్దూ చదవగల పెద్దలు ఇంకా ఉన్నారు కదా, వాళ్లకు చూపించు. ఎవరూ కాదనరు.

నాకు దక్కిన మంచి బేరాలన్నీ అమ్మేవాడు ‘చవక’ అని అరిచిన చోట దొరికినవి కావు. తన దగ్గర ఉన్నదేమిటో అమ్మేవాడికే తెలియని చోట దొరికాయి. కాబట్టి బంగారు నాణేల విభాగంలోనే కూర్చోకు. అక్కడ నీలాంటి కళ్లు వెయ్యి ఉంటాయి. లాకెట్లు, మెడళ్లు, టోకెన్లు, కలగాపులగంగా పోసిన పాత వెండి నాణేల కుప్పలు చూడు. పేరు తప్పుగా రాసినవి వెతుకు. బ్రిటిష్ వాళ్ల బంగారు నాణెమైన సవరన్‌ను నాలుగు రకాలుగా, అష్రఫీని ఆరు రకాలుగా రాస్తారు. సరైన స్పెల్లింగుతో వెతికేవాళ్లకు అవి కనబడవు.

ఒకసారి ‘పూత లాకెట్’ అని పెట్టిన ఫోటోలో కొలత కోసం పక్కన మామూలు రూపాయి బిళ్ల ఉంచారు. 2011లో వచ్చిన వరుస బిళ్ల అది, వెడల్పు 21.93 మిల్లీమీటర్లు. లాకెట్‌లో బిగించిన నాణెం దానికి దాదాపు సమానంగా ఉంది. సవరన్ వెడల్పు 22.05 మిల్లీమీటర్లు. సవరన్ మీద ఉండే, గుర్రం మీది వీరుడు డ్రాగన్‌ను పొడుస్తున్న బొమ్మ మసకగా కనిపించింది. బరువెంతో రాయమని అడిగాను. వేలాడదీసే వంకీతో కలిపి ఎనిమిదిన్నర గ్రాములని జవాబు వచ్చింది. సవరన్ బరువు 7.98 గ్రాములు. అదే కొలతలో ఇత్తడితో చేస్తే నాలుగు గ్రాములు కూడా తూగదు. అప్పుడు వేలంలో పాట పాడాను. చేతికి వచ్చాక పరీక్షించి చూస్తే నిజమైనదే. అయితే వంకీ అతికించిన నాణేనికి సేకరించేవాళ్లు పెద్ద ధర ఇవ్వరు. నానమ్మ కాసులపేరులోని కాసులకూ అదే గతి. అతుకు చోట ఉన్న లోహం మేలిమి కాదు, దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి.

లెక్క ఇలా వేసుకో. సవరన్ 22 క్యారెట్లు, అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. దాన్ని ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో గుణించు. వచ్చిన అంకెలోంచి వేలం నిర్వాహకుల రుసుము, జీఎస్టీ, బీమాతో కూడిన తపాలా ఖర్చు తీసెయ్. మిగిలినది కాగితం మీద పెన్నుతో రాసి కంప్యూటర్ పక్కన పెట్టుకో. ఆఖరి నిమిషంలో ఇంకెవరో పెంచుతుంటే చెయ్యి ఆగదు, ఆ కాగితమే నిన్ను ఆపాలి. వెనక్కి తీసుకుంటామని రాతపూర్వకంగా ఒప్పుకోని వాళ్ల దగ్గర ఎంత చవకైనా కొనకు.

నాణెం ఇంటికి రాగానే నీటి పరీక్ష చెయ్యి. గ్రాములో నూరో వంతు చూపే తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకో. నాణేన్ని సన్నటి కుట్టు దారంతో కట్టి, గ్లాసు అడుక్కీ అంచులకీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకో. తూకం ఎంత చూపితే, నాణెం అసలు బరువును దానితో భాగించు, వచ్చేదే దాని సాంద్రత. సవరన్ అయితే 0.45 గ్రాముల దగ్గర చూపిస్తుంది, భాగిస్తే పదిహేడున్నర పైచిలుకు వస్తుంది. అష్రఫీ అయితే 0.65 దగ్గర. నా దొంగ నాణెం 1.1 చూపింది, భాగిస్తే పది చిల్లర. వెండి లెక్క అది. ఒక్కటి మాత్రం జాగ్రత్త, టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రతలో మేలిమి బంగారానికి దాదాపు సమానం. 24 క్యారెట్ల బిస్కెట్లకు ఈ పరీక్ష చాలదు, వాటిని యంత్రంతో పరీక్షించే చోటుకే తీసుకెళ్లు.

ఇంకో మాట, ఇది మన జిల్లాల్లో పుట్టినవాళ్లందరికీ చెప్పాల్సినది. పునాది తవ్వుతుంటే లంకెబిందెలు దొరికాయని, కాకతీయుల నాటి బిళ్లలని ఫోటోలు పంపేవాళ్లు ఉంటారు. పరీక్షకు ఒక అసలు బిళ్ల ఇస్తారు, తర్వాత మూటెడు ఇత్తడి అంటగడతారు. ఒకవేళ నిజంగా దొరికినవే అయినా కొనకూడదు. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. అలాంటి బేరం జోలికి వెళ్లావంటే నాకు చాలా బాధ వేస్తుంది, ముందే చెబుతున్నాను.

ఇప్పుడు నీ చార్మినార్ నాణెం సంగతి. ఈ రోజే అమ్మేవాడికి రాయి. స్కేలు పక్కన పెట్టి ఒక ఫోటో, వెనకవైపు రాత కనిపించేలా ఇంకో ఫోటో, అంచు ఫోటో ఒకటి. మూడూ అడుగు. ఆదివారంలోగా పంపకపోతే వదిలెయ్. పంపితే నాకు చూపించు, రాత్రి పది దాకా మేలుకొనే ఉంటాను. తూకం, దారం నా బల్ల సొరుగులోనే ఉన్నాయి.

మీ బాపును అడిగానని చెప్పు.

పెద్దబాపు
హన్మకొండ