గుమ్మం దగ్గర సంచి పట్టుకుని కూర్చోకు

అయనావరం, చెన్నై

చిన్నీకి పెద్దమ్మ రాసేది.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాటలే రెండు రోజులుగా బుర్రలో తిరుగుతున్నాయి. నైట్ షిఫ్టుల వల్ల మూడు ఆదివారాలు చర్చికి వెళ్లలేదు, ఆ సిగ్గుతో ప్రార్థన కూడా మానేశానన్నావు. ఇంతలో జ్వరం వస్తే, పీజీలో ఒకావిడ అది దేవుడి శిక్షేనందట. ఇప్పుడు నలభై రోజులు ఉపవాసం మొక్కుకుని లెక్క సరిచేద్దామని చూస్తున్నావు. వద్దమ్మా. ఉపవాసం తప్పని కాదు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో నేనూ ఉంటాను. లెక్క సరిచేయడానికైతే మాత్రం వద్దు. ముందు కాస్త అన్నం తిని మాత్ర వేసుకో. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి అమ్మానాన్నలూ కాదన్నాడు యేసు. ఆవిడతో వాదన పెట్టుకోకు, అదొక తలనొప్పి. జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లు.

మీ అక్క సంగతి నీకు సగమే తెలుసు. 1986లో ఆరేళ్ల పిల్లగా మా ఇంటికి పెంపకానికి వచ్చింది. మీ పెదనాన్న అప్పుడు ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, వెల్డరు. మొదటి ఏడాది అది ఎంత బుద్ధిగా ఉండేదంటే చూసినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. నాకు మాత్రం కడుపు తరుక్కుపోయేది. తిన్న కంచం తిన్న వెంటనే కడిగేసేది. బిస్కెట్ డబ్బా ఎదురుగా ఉన్నా అడగనిదే ముట్టేది కాదు. ఒకరోజు దాని చేతిలో గాజు గ్లాసు పగిలింది. కాసేపటికి చూస్తే, గౌన్లు రెండూ మడతపెట్టి సంచిలో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుంది, పంపించేస్తామని. నేను కొట్టనూ లేదు, తిట్టనూ లేదు.

ఆ తర్వాత చాలా నెలలకు, ఒక పొద్దున కంచం పక్కకు తోసి "రోజూ ఉప్మాయేనా, నాకొద్దు" అని అరిచింది. పెదనాన్న నా వైపు చూశారు. ఇద్దరికీ నవ్వాగలేదు. పిల్ల మనదైందని మాకు ఆ రోజే తెలిసింది.

నీ ప్రార్థన ఇంకా ఆ సంచి పట్టుకుని కూర్చున్నట్టుంది చిన్నీ.

బైబిల్లో రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు వాడిన మాట దత్తపుత్రాత్మ, అంటే మనల్ని దత్తత పిల్లల్ని చేసే ఆత్మ. మళ్లీ భయపడే దాస్యపు ఆత్మ మీకు ఇవ్వలేదని పక్కనే అంటాడు. ఆ కాలపు రోమీయులు దత్తత తీసుకునేది ఎక్కువగా ఎదిగిన మగవాళ్లనే, పేరు నిలబెట్టే వారసుడు కావాలని. దత్తు వెళ్లినవాడు పాత తండ్రి అధికారం నుంచి బయటపడి కొత్త తండ్రి పేరు పెట్టుకునేవాడు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ చనిపోయాక వీలునామా తెరిస్తే, మేనకోడలి కొడుకును తన కొడుకుగా రాసుకున్నాడు. క్రిస్మస్ వాక్యంలో మనం చదివే కైసరు ఔగుస్తు ఆ కుర్రాడే. అలాంటి ఇళ్లలో జరిగే సంగతి తమకు జరిగిందని వింటే, పౌలు ఉత్తరం విన్న సంఘంలోని బానిసలకు ఎలా ఉండి ఉంటుందో!

మాకైతే కాగితం అంత బాగా కుదరలేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. మాకు దొరికింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. కోర్టు కాగితంలో నేను దానికి అమ్మను కాదు, గార్డియన్‌ని. వారసత్వం రాదు కాబట్టి పెదనాన్న ఇల్లు దాని పేర వీలునామా రాశారు. 2000లో బాలల న్యాయ చట్టం వచ్చి అన్ని మతాలవాళ్లకీ దారి తెరిచేసరికి దానికి ఇరవై ఏళ్లు. గలతీ పత్రిక 4వ అధ్యాయంలో పౌలు కూడా సంరక్షకుల కింద ఉన్న పిల్లవాడి మాట ఎత్తుతాడు. ఆ కాలం అయిపోయింది, ఇప్పుడు నువ్వు వారసుడివి అంటాడు. అది చదివినప్పుడల్లా నాకు ఆ కోర్టు కాగితమే గుర్తొస్తుంది. ‘పుత్ర’ అన్నాడు, నేను ఆడపిల్లనే అనుకోకు. దానికి కొంచెం ముందే పురుషుడని, స్త్రీ అని లేదన్నాడు.

సరే, ఇక నువ్వు చేయాల్సింది. ఈ రాత్రి క్షమాపణల చిట్టాతో మొదలుపెట్టకు. "అబ్బా" అను. అరామిక్‌లో నాన్నను అలా పిలుస్తారు. తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే, ఖర్మ కొద్దీ ఇప్పుడు తిట్లలోనే ఎక్కువ వినపడుతోంది. కాలికి రాయి తగిలినా మన నోట వచ్చేది అదే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు నోట వచ్చిందీ అదే. తర్వాత మేనేజరు మీద కోపం, నిద్రలేమి, ఇంటికి పంపాల్సిన డబ్బు టెన్షన్, చర్చికి వెళ్లాలనిపించకపోవడం, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పెయ్. నీ చిత్తమే జరగనీ అని వెంటనే మూత పెట్టకు. దాని దాకా తర్వాత వద్దువు గాని. మొదట్లో అంతా నటనలా ఉంటుంది. మీ అక్కకూ ఏడాది పైనే పట్టింది.

తప్పు చేసిన రోజున ఆ రోజే వెళ్లు. నాలుగు రోజులు బుద్ధిగా ఉండి, మొహం చెల్లాక వెళ్దామనుకోకు. తప్పిపోయిన కుమారుడు కూలివాడిగా పెట్టుకోమని అడగాలనుకుని బయల్దేరాడు, తండ్రి ఆ మాట దాకా రానివ్వలేదు. ఆ కథలో ఇంట్లోనే ఉండి ఇన్నేళ్ల చాకిరీ లెక్క చెప్పిన పెద్ద కొడుకంటేనే నాకు భయం. చర్చి కమిటీలో ఉన్నన్నాళ్లూ నేనూ ఆ పెద్దవాడిలాగే ఉన్నాను.

మరి స్వేచ్ఛ అంటే ఇష్టమొచ్చినట్టు ఉండొచ్చా అంటావు. ఉప్మా వద్దన్న పిల్లే ఆ సాయంత్రం నేను తలపట్టుకుని పడుకుంటే, ఎవరూ చెప్పకుండానే అమృతాంజనం తెచ్చి నుదుటికి రాసింది. కళ్లలోకి కూడా పోయిందనుకో.

ఆదివారం షిఫ్టు ఉంటే మధ్యాహ్నమైనా రా. అక్క కూడా వస్తానంది. గోంగూర తెచ్చి పెట్టాను. పొద్దున్నే వచ్చేటట్టయితే మాత్రం ఇంట్లో ఉప్మాయే. వద్దనుకుంటే ముందే ఫోన్ చెయ్.

పెద్దమ్మ