అంగారకుడి మీద నీళ్ళు పారాయని ఎలా చెప్తారు? అవన్నీ ఎటు పోయాయి?

"ఫొటోల్లో ఎర్రమట్టి, రాళ్ళు తప్ప ఏమీ కనబడవు, మరి అక్కడ నదులు పారాయని అంత గట్టిగా ఎలా చెప్తున్నారు" అని అడిగారు. నేను దేవరకొండ దగ్గర బడిలో సైన్సు చెప్తాను. తొమ్మిదో తరగతిలో ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నేను రెండు రాళ్ళు తీసి చేతికిస్తాను.

ఒకటి క్రషర్ దగ్గర ఏరుకొచ్చిన కంకర ముక్క, అంచులు గుచ్చుకుంటాయి. రెండోది డిండి వాగులో దొరికిన గులకరాయి, సగం అరిగిన సబ్బుబిళ్ళలా ఉంటుంది. కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఏది వాగుదో ఇట్టే చెప్పేస్తారు.

అంగారకుడి నేల మీద తిరిగే బండి, క్యూరియాసిటీ రోవర్, 2012లో గేల్ బిలంలో (ఉల్క గుద్దుకుని పడ్డ పెద్ద గుంత) దిగిన కొద్ది వారాలకే అలాంటి గులకరాళ్ళు కనబడ్డాయి. ఇసుకతో కలిసి గట్టిపడిన పలక, అచ్చం మా బడి వెనక పగిలిన కాంక్రీటు గచ్చులాగే ఉంది. అందులో కొన్ని నిమ్మకాయంత ఉన్నాయి. అంత రాయిని గాలి మోసుకురాలేదు. చీలమండ నుంచి నడుము దాకా లోతున్న నీళ్ళు దొర్లించి ఉంటాయని లెక్కగట్టారు. 2021లో పర్సెవరెన్స్ అనే ఇంకో రోవర్ దిగిన జెజెరో బిలంలోనైతే నది తెచ్చి పోసిన డెల్టా మేటే ఉంది. ఇదంతా సుమారు 350 కోట్ల ఏళ్ళ కిందటి మాట, ఇంకా పాతదీ ఉంది. మా దిక్కు గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అక్కడ ఆ వాగులు పారే నాటికి మన గుండ్లు ఇంకా పుట్టనే లేదు.

(ఎర్రగా ఉంది కదా, మన చెల్క నేలే అనుకోకండి. ఇనుము తుప్పు వరకే పోలిక. అక్కడ ఎక్కువగా ఉన్నది బసాల్టు, వికారాబాద్ వైపు నల్లరేగడి కింద ఉండే రాయి.)

ఇక నీళ్ళు ఎటు పోయాయన్నది. దీన్ని నేను చాలా ఏళ్ళు తప్పు చెప్పాను. "వానల్లేక చెరువు ఎండినట్టే" అనేవాణ్ని. ఒక అమ్మాయి లేచి, "మళ్ళీ వాన పడితే నిండుతది కదా సార్?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి కూర్చుని చదివితే పోలికే తప్పని తేలింది. మన చెరువు ఎండితే ఆ నీరు గాలిలోకి చేరి ఇంకెక్కడో కురుస్తుంది. అక్కడ ఆ గాలే పోయింది.

అంగారకుడి బరువు భూమిలో పదోవంతు. లోపలి వేడి త్వరగా చల్లారి, గ్రహాన్నంతా కాచే అయస్కాంత క్షేత్రం సుమారు 400 కోట్ల ఏళ్ళ కిందటే ఆగిపోయింది. ఆ తర్వాత సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల ప్రవాహం, అంటే సౌరగాలి, వాతావరణాన్ని కొద్దికొద్దిగా ఊడ్చేసింది. 2014లో అక్కడికి చేరిన మేవెన్ నౌక గాలి ఇలా పోవడాన్ని నేరుగా కొలిచింది. ఇప్పుడున్న గాలి పీడనం మనదాంట్లో నూరోవంతు కూడా లేదు. నీటిలోని హైడ్రోజన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలుంటాయి. నీటి ఆవిరి ఎండకు విడిపోతే తేలిక హైడ్రోజన్ పైకి పోతుంది, బరువుది వెనకపడుతుంది. చాటలో చెరిగితే పొట్టు ఎగిరి గింజ మిగిలినట్టు. అందుకే అక్కడి గాలిలో బరువు హైడ్రోజన్ పాలు మన సముద్రాల్లో కంటే అయిదారు రెట్లు ఎక్కువ. ఎంత నీరు పోయిందో అంచనా వేసేది దాన్నిబట్టే.

అప్పట్లో సూర్యుడి వెలుగు ఇప్పటికంటే దాదాపు నాలుగోవంతు తక్కువ. అందుకే అంగారకుడు చాలాకాలం వెచ్చగా ఉన్నాడా, లేక చలిలోనే అప్పుడప్పుడు మంచు కరిగి పారిందా అన్న పేచీ ఇంకా తెగలేదు. నాకైతే రెండోదే నమ్మబుద్ధవుతుంది. మా ఊరి వాగు ఏడాదిలో పారేది నాలుగు రోజులే, అయినా రాళ్ళు నున్నగానే ఉన్నాయి.

నీళ్ళన్నీ ఎగిరిపోలేదు లెండి. కొంత బంకమట్టి ఖనిజాల్లో ఇరుక్కుంది, కొంత ధ్రువాల దగ్గర గడ్డకట్టి ఉంది. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ తవ్విన గుంతలో పాచికలంత తెల్లముక్కలు కనబడి, నాలుగు రోజుల్లో మాయమయ్యాయి. ఉప్పయితే అలా పోదు. ఇది చెప్తే ఆ అమ్మాయే మళ్ళీ, "కరిగి ఇంకిపోయినయా సార్?" అంది. కాదు, హారతి కర్పూరం బయట పెడితే పోయినట్టు, గడ్డ గడ్డగానే ఆవిరైపోయింది.