నీలి మూత ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టకు

చిరంజీవి చిట్టితల్లికి,

పెద్దనాన్న ఆశీస్సులు. కొత్తపేటలో ల్యాబులో చేరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. అన్నేళ్లు నేను చేసిన పనే నీ చేతికి వచ్చింది కనుక, రక్తం గడ్డకట్టే పరీక్షలకు తీసే నీలి మూత ట్యూబు గురించి రాయకుండా ఉండలేను.

ఏది పాడవకూడదన్నా ఫ్రిజ్‌లో పెట్టడం మనకు అలవాటు. ఈ ట్యూబుకు అదే చేటు. ప్లాస్మా, అంటే కణాలు తీసేసిన రక్తద్రవం, వేరు చేయని రక్తం చల్లబడితే ఏడో ఫ్యాక్టరు ముందే ఉత్తేజితమవుతుంది. ఫ్యాక్టర్లంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్రొటీన్లు. ఎనిమిదో ఫ్యాక్టరు, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టరు పడిపోతాయి. ఒకసారి తెనాలి వైపు నుంచి పదేళ్ల పిల్లవాడి శాంపిల్ వచ్చింది. ట్యూబు మీద చెమ్మ పట్టి, పేరు రాసిన సిరా అలుక్కుపోయి ఉంది. తుడిచి పరీక్షకు పెట్టేశాను. ఫ్యాక్టర్లు బాగా తక్కువగా వచ్చాయి. పుట్టుకతో వచ్చిన జబ్బేమోనని ఆ తల్లి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. తరువాత ఆరా తీస్తే, రాత్రంతా ఐసు పెట్టెలో ఉంచారని తెలిసింది. మళ్లీ మా దగ్గరే రక్తం తీసి, గంటలోపే చూస్తే అన్నీ మామూలే. తుడిచే ముందే నేను అడగవలసింది.

ఈ ట్యూబును గది ఉష్ణోగ్రతలోనే ఉంచాలి. గది ఉష్ణోగ్రత అంటే 18 నుంచి 24 డిగ్రీలు. మే నెలలో గుంటూరు గది కాదమ్మా అది. మోటారు సైకిలు పెట్టెలో ఎండలో వచ్చిన ట్యూబునూ అంతే అనుమానంగా చూడు. రక్తం గడ్డకట్టే సమయం చూసే రెండు పరీక్షల్లో పీటీకి 24 గంటలు ఆగవచ్చు కానీ, ఏపీటీటీకి నాలుగు గంటలే గడువు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఎక్కుతున్న రోగి రక్తమైతే గంటలోపు ప్లాస్మా వేరు చేయాలి. ఆలస్యమైతే ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే పదార్థం హెపారిన్‌ను అణిచేస్తుంది. మందు చాలలేదనుకుని డాక్టరు మోతాదు పెంచే ప్రమాదం ఉంది. ట్యూబు గీత దాకా నిండకపోతే తీసుకోకు. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేటు, అంటే ట్యూబులో ముందే ఉండే, గడ్డకట్టనివ్వని ద్రవం, ఉండాలి.

అదే రోజు చేయలేకపోతే ప్లాస్మాను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో రెండుసార్లు తిప్పి, ప్లేట్‌లెట్లు మిగలకుండా చూసి, చిన్న చిన్న భాగాలుగా ఫ్రీజరులో పెట్టి గడ్డకట్టించు. మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు, మైనస్ 70 డిగ్రీల్లో ఆరు నెలలు నిలుస్తుంది. మంచు పేరుకోకుండా తనంతట తానే వేడెక్కే ఫ్రీజరు మాత్రం వద్దు. కరెంటు పోయి కరిగిన ప్లాస్మాను మళ్లీ ఫ్రీజరులో గడ్డకట్టించి వాడకు. కరిగించేటప్పుడు 37 డిగ్రీల నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి, మెల్లగా తిరగేసి, వెంటనే పరీక్ష చేయి. ఫ్రిజ్‌లో నిదానంగా కరిగిస్తే ఎనిమిదో ఫ్యాక్టరు, ఫైబ్రినోజెన్ అనే మరో గడ్డకట్టే ప్రొటీను అడుగున పేరుకుంటాయి. బ్లడ్ బ్యాంకులో రోగులకు ఎక్కించే క్రయో, అంటే ఆ అడుగున పేరుకున్న పదార్థం, తయారయ్యేది ఆ పద్ధతిలోనే.

ట్యూబు తెచ్చిన అబ్బాయిని రక్తం ఎన్ని గంటలకు తీశారో, దేనిలో పెట్టి తెచ్చాడో అడిగి రిజిస్టరులో రాయి. కసురుకోకు, ఎండలో పడి వస్తాడు, మంచినీళ్లిచ్చి అడుగు. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు మీ ల్యాబు ఫ్రీజరు ఏ రకమో చూసి రా.

ఇట్లు,
పెద్దనాన్న